రిచ్ సూర్యనారాయణ బూట్ల కేసు

సినిమాల్లో పెళ్ళి రిసెప్షన్ సీను వస్తుంది చూడండి. మీ కన్ను హీరో హీరోయిన్ల మీదే ఉంటుంది, ఉండాల్సిందీ అక్కడే. కానీ వాళ్ళ వెనకాల సూటు వేసుకుని, చేతిలో జ్యూసు గ్లాసు పట్టుకుని, పక్కవాడితో ఏదో కోట్ల వ్యవహారం మాట్లాడుతున్నట్టు పెదాలు కదిపే పెద్దమనిషి ఒకడుంటాడు. నెరిసిన క్రాఫు, పసిమి ఛాయ, పద్ధతిగా ఉన్న బొజ్జ. ఆయన్ని మీరు బోలెడు సినిమాల్లో చూసుంటారు గానీ ఒక్కసారీ గుర్తుపెట్టుకుని ఉండరు. ఆయనే మన సూర్యనారాయణ. ఊరు తణుకు దగ్గర, ఇప్పుడుండేది రహమత్ నగర్‌లో రెండు గదుల వాటా. ఫిల్మ్ నగర్‌లో మాత్రం అతన్ని రిచ్ సూర్యనారాయణ అంటారు.

రిచ్ అన్నది బిరుదనుకునేరు, కాదు. అదొక కేటగిరీ. షూటింగులకి జనాన్ని పంపే కోఆర్డినేటర్లు మనుషుల్ని మూడు కుప్పలు పోస్తారు. రిచ్, మిడిల్ క్లాస్, మాస్. రిచ్ వాళ్ళకి సెట్లో కుర్చీలు వేస్తారు, మిడిల్ క్లాసుకి చెట్టునీడ చూపిస్తారు, మాస్‌ని ఎండలో నిలబెడతారు. బ్రహ్మ రాసిన రాతైనా ఏ శాంతో చేయించుకుంటే మారుతుందేమో గానీ, కోఆర్డినేటర్ కమలాకర్ ఒకసారి ఫలానా కుప్ప అన్నాడంటే అంతే సంగతులు. పుట్టింది ఏ కులంలోనైనా కానివ్వండి, ఫిల్మ్ నగర్‌లో పనికొచ్చే కులాలు ఈ మూడే.

ఇందులో ఒక ఆచారం ఉంది. మాస్ వాళ్ళ చిరుగుల చొక్కాలూ మాసిన లుంగీలూ కంపెనీయే ఇస్తుంది. రిచ్ వాళ్ళు మాత్రం సూటు, వాచీ, బూట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. అంటే బీదరికం కంపెనీ ఖర్చు, ఐశ్వర్యం సొంత ఖర్చు అన్నమాట. ఇదేం న్యాయమయ్యా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కమలాకర్ రహమత్ నగర్‌లోనే పుట్టి పెరిగినవాడు, మనిషిని కింద నుంచి పైకి చూస్తాడు. "మొఖానికి మేకప్ కొడతరు, పొట్టకు కోటు కప్పుతరు. కాళ్ళ కాడనే దొరికిపోతరన్నా" అనేది అతని సిద్ధాంతం. ఒకనాడు సూర్యనారాయణ పాత బూట్లని చూసి పెదవి విరిచాడు. "అన్నా, గీ బూట్లతోని నువ్వు రిటైరైన హెడ్మాస్టర్ లెక్క కొడుతున్నవ్. జర మంచియి తీస్కో. లేకుంటే మిడిల్ క్లాస్‌లకు పంపాల్సొస్తది, నా మీద కోపం జెయ్యకు" అన్నాడు.

ఆ మాటకి సూర్యనారాయణకి రెండు రోజులు అన్నం సయించలేదు. నవ్వకండి, అతని బాధ అతనిది. అతనికి ఆస్తి లేదు, చదువు అంతంత మాత్రం, చేతిలో వేరే విద్య లేదు. ఉన్నదల్లా చూడగానే డబ్బున్నవాడిలా కనిపించే ఒక్క మొహం. వీధిలో వాళ్ళు, పాలవాడితో సహా, "సారు సినిమాలకి ఫైనాన్స్ చేస్తారంట" అనుకుంటారు. అతను అవుననడు, కాదనడు, చిన్నగా దగ్గుతాడు. ఆ దగ్గు మీదే ఇన్నేళ్ళూ పరువుగా బతికాడు.

చివరికి బూట్లకి డబ్బిచ్చింది అతని భార్య కౌసల్య. వాషింగ్ మెషీను కొనుక్కుందామని వేసిన చీటీ పాడి ఇచ్చింది. ఆవిడ జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దింట్లో వంట చేస్తుంది. ఈ సంగతి సూర్యనారాయణ ఎవరికీ చెప్పడు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ జూబ్లీ హిల్స్‌లో తెలిసినవాళ్ళింటికి వెళ్ళిందండీ" అంటాడు. మరి వాళ్ళు తెలిసినవాళ్ళే కదా.

జూబ్లీ హిల్స్ మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము. బయట గొడుగు పట్టుకుని ఒకడు, లోపల తలుపు తీయడానికి ఇంకొకడు. మేనేజరు కుర్రాడు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని సూర్యనారాయణ పాదం కొలత తీసుకున్నాడు. మన వాడి పాదాన్ని అంత గౌరవంగా ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. "సార్‌ది బిజినెస్సా సార్?" అని అడిగాడా కుర్రాడు. సూర్యనారాయణ చిన్నగా దగ్గి, ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "ఆఁ, ఉన్నాయిలే నాలుగైదు" అన్నాడు. పక్కన కౌసల్య బిల్లు కట్టడానికి చీటీ డబ్బున్న పర్సు తీస్తూ ఒక్క చూపు చూసింది.

బూట్లకి ఏడాది వారంటీ. ఆ వారంటీ కార్డు చదివితే మతిపోతుంది. తడి తగలరాదట, ఎండ తగలరాదట, గరుకు నేల మీద నడవరాదట. ఇంక మిగిలింది దేవుడి గదే. కానీ సూర్యనారాయణ ఆ నిబంధనల కన్నా నాలుగాకులు ఎక్కువ చదివాడు. బూట్లని పాత పేపర్లో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని బీరువాలో కలరా ఉండల పక్కన దాచాడు. షూటింగుకి హవాయి చెప్పులతో వెళ్ళేవాడు, బూట్లు సంచీలో వెళ్ళేవి. అసిస్టెంటు డైరెక్టరు షాట్ రెడీ అన్నాక తొడుక్కునేవాడు, కట్ అనగానే విప్పి గుడ్డతో తుడిచి మళ్ళీ సంచీలో పెట్టేవాడు. "ఏవండీ, అవి కాళ్ళకేసుకునేవా, నెత్తిన పెట్టుకునేవా?" అని కౌసల్య అడిగితే, "నీకు తెలీదు, వీటికి పదేళ్ళు రావాలి" అనేవాడు.

పదేళ్ళు దేవుడెరుగు, వారంటీ ఏడాది దాటిన పక్క నెలలోనే ముచ్చట తీరిపోయింది.

ఆ రోజు జూబ్లీ హిల్స్‌లో అద్దెకి తీసుకున్న ఒక బంగళాలో పెళ్ళివారి సంగీత్ సీను. నేలంతా తెల్లటి పాలరాయి. రిచ్ వాళ్ళందరూ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడుచుకుంటూ వెళ్ళాలి, కెమెరా వాళ్ళ వెనకే వస్తుంది. సూర్యనారాయణ గొప్పగా నడిచాడు. నడిచిన దారంతా నల్లటి పెచ్చులు రాలాయి, కాలిన అట్టు గీకినట్టు. డైరెక్టరు కట్ చెప్పి, ఇదేంటని అడిగాడు. ఎలకలు తిరుగుతున్నాయేమో అన్నాడు ఒక అసిస్టెంటు. బంగళా మేనేజరుకి పౌరుషం వచ్చి, మా ఇంట్లో ఎలకలుండవని గొడవ పెట్టుకున్నాడు. ఈ రభస మధ్య సూర్యనారాయణ ఒక అడుగు వెనక్కి వేశాడు. కుడి బూటు అడుగు మొత్తం ఊడి నేల మీదే ఉండిపోయింది. పైభాగం మాత్రం అద్దంలా మెరుస్తూ కాలికే ఉంది. సెట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, ముందుగా నవ్వింది సాటి రిచ్ వాళ్ళే. సూర్యనారాయణకి చచ్చేంత సిగ్గేసింది.

కమలాకర్ మర్నాటి నుంచి అతన్ని బ్యాంకు క్యూ సీనుల్లోకి, ఆస్పత్రి వరండా సీనుల్లోకి పంపడం మొదలుపెట్టాడు. "ఫికర్ చెయ్యకన్నా. బూట్లు మంచిగైనంక మళ్ళ రిచ్‌లకే తీస్కుంట" అన్నాడు. చెట్టు కింద మిడిల్ క్లాస్ వాళ్ళ పక్కన కూర్చుని, అల్లంత దూరంలో కుర్చీల్లో ఉన్న తనవాళ్ళకేసే చూస్తుండేవాడు సూర్యనారాయణ.

ఊడిన బూట్లు పట్టుకుని షోరూముకి వెళ్ళాడు. ఈసారి మేనేజరు కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చోలేదు.

"వారంటీ ఎక్స్‌పైర్ అయింది సార్."

"తెలుసయ్యా. కానీ నేను వీటిని వేసుకున్నదే లేదు. పైన చూడు, గీత కూడా పడలేదు."

"అదే సార్ ప్రాబ్లెం. ఈ టైపు సోల్ రెగ్యులర్‌గా వేర్ చెయ్యాలి. పెట్టెలో ఉంచితే పొడైపోతుంది."

"వేసుకుంటే అరిగిపోతాయనే కదా దాచుకున్నాను."

"కరెక్టే సార్. వేసుకుంటే అరుగుతాయి, దాచుకుంటే పొడవుతాయి."

"మరి ఏం చెయ్యమంటావు?"

"కొత్త కలెక్షన్ వచ్చింది సార్. చూపించమంటారా?"

ఆ కుర్రాడి మొహంలో వెటకారం కూడా లేదండీ, అది ఉన్నా బాగుండేది. నిజంగానే చూపించబోయాడు. సూర్యనారాయణ పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చి, గొడుగువాడి పక్కనే నిలబడి ప్రభుత్వం వాళ్ళ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కొట్టాడు. అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా అంతా విని విడమరిచి చెప్పింది. "వారంటీ అయిపోవడమంటే వాళ్ళు ఇచ్చిన మాట గడువు అయిపోవడమేనండీ, మీ హక్కు అయిపోవడం కాదు. తయారీలోనే లోపం ఉంటే అది తర్వాత బయటపడినా మీరు అడగొచ్చు. లోపం బయటపడ్డాక రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌కి వెళ్ళండి. లాయరు కూడా అక్కర్లేదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు."

లాయరు అక్కర్లేదనేసరికి సూర్యనారాయణకి ఎక్కడలేని హుషారు వచ్చింది. సినిమా కోర్టుల్లో జనంలో కూర్చుని ఎన్ని కేసులు విన్నాడు. కేసు వేశాడు, సూటు ఇస్త్రీ చేయించాడు, "యువరానర్" అనడం అద్దం ముందు సాధన చేశాడు. తీరా వెళ్ళి చూస్తే అక్కడ బోను లేదు, సుత్తి లేదు, కళ్ళకి గంతలు కట్టుకున్న బొమ్మ లేదు. ఓ మామూలు గది, గోడకి ఫ్యాను, కట్టలు కట్టలుగా ఫైళ్ళు, చెడిపోయిన మిక్సీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ. సూర్యనారాయణ కొంచెం నిరుత్సాహపడ్డాడు. ఎవరో తక్కువ బడ్జెట్లో వేసిన సెట్టులా ఉందనుకున్నాడు.

వాయిదాలు పడి పడి ఆఖరికి వాదనల రోజు వచ్చింది. కౌసల్య ఒక పూట సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆవిడ పక్కన కమలాకర్. కేసు సంగతి తెలిసి తనంతట తానే తమాషా చూద్దామని వచ్చాడు. వాళ్ళ వెనకాల, తన కేసు కోసం వచ్చిన రహమత్ నగర్ కిరాణా కొట్టాయన. సూర్యనారాయణ అతన్ని చూసి తలాడించి, అలవాటు కొద్దీ చిన్నగా దగ్గాడు.

షోరూము తరఫు లాయరు చురుకైనవాడు. లేచి నిలబడి రెండు మాటలన్నాడు. ఒకటి, ఈయన నాలుగైదు వ్యాపారాలున్న ధనవంతుడు, ఆ మాట ఈయనే మా మేనేజరుతో అన్నాడు, సరదాకి షాపు వాళ్ళని కోర్టుకీడుస్తున్నాడు. రెండు, ఈ బూట్లు షూటింగుల కోసమని ఫిర్యాదులో ఈయనే రాశాడు, అంటే సినిమా వ్యాపారం నిమిత్తం కొన్నవి, వ్యాపారానికి కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారుడే కాడు. ఇలా అని ఫొటోలు ముందు పెట్టాడు. పొడుగాటి కారు దిగుతున్న సూర్యనారాయణ, బంగళా మెట్ల మీద సూర్యనారాయణ, ఎవరో మంత్రి వేషం వేసినవాడి పక్కన నవ్వుతున్న సూర్యనారాయణ. అన్నీ సినిమాల్లోంచి తీసినవే.

కమిషన్ ప్రెసిడెంటు ఒక నడివయసు మేడమ్. ఫొటోలు తిరగేసి, "ఇవి మీరేనా?" అని అడిగారు.

"నేనేనండి" అన్నాడు సూర్యనారాయణ. తన ఫొటోలు అన్ని ఒక్కచోట అతనెప్పుడూ చూడలేదు. ఒక కాపీ ఇప్పిస్తారా అని అడగబోయి తమాయించుకున్నాడు.

ఆవిడ బూటు చేత్తో పట్టుకుని తిప్పి చూశారు. "పైన కొత్తగా ఉంది, కింద పొడైంది. ఇది అరుగుదల కాదు, లోపమే అనిపిస్తోంది. వారంటీ సంగతి నేను చూసుకుంటాను. కానీ మీరు ఒకటి చెప్పాలి. వ్యాపారానికి కొన్నవాళ్ళు ఇక్కడికి రావడానికి లేదు. అయితే సొంతంగా ఒళ్ళు వంచి, ఆ పని మీదే పొట్ట పోసుకునేవాళ్ళు అందుకు కొన్నది వ్యాపారం కిందకి రాదు. మీరు ఇందులో ఎవరు? వ్యాపారస్తులా, పొట్టకూటికి పనిచేసుకునేవారా?"

సూర్యనారాయణ కోటు గుండీలు సర్దుకున్నాడు.

"దాపరికం వద్దు. మిమ్మల్ని చూస్తే మాత్రం పొట్టకూటి మనిషంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారావిడ.

ఎంత మాట. అతని జన్మలో ఇంతకన్నా గొప్ప మెప్పు ఎవరూ ఇవ్వలేదు. ఒక డైరెక్టరు ఇవ్వలేదు, ఒక నిర్మాత ఇవ్వలేదు, సాక్షాత్తు న్యాయస్థానం ఇచ్చింది. గుండె ఉప్పొంగింది. దాని వెంటే భయం పట్టుకుంది. అవును, పొట్టకూటికే అంటే కేసు నెగ్గుతాడు. కానీ ఆ మాట కమలాకర్ వింటాడు, కిరాణా కొట్టాయన వింటాడు, సాయంత్రానికి రహమత్ నగరంతా వింటుంది. కాదంటే ఈ మెప్పు తనకి మిగులుతుంది, బూట్లు పోతాయి. లాయరు నవ్వుతున్నాడు. సూర్యనారాయణ, మీరు నమ్మండి నమ్మకపోండి, బూట్లు పోతే పోయాయనుకున్నాడు. చిన్న దగ్గు గొంతు దాకా వచ్చింది కూడా.

అప్పుడు వెనక్కి చూశాడు. కౌసల్య అతన్ని చూడటం లేదు. చెప్పాల్సిన మాట ఇతను చెప్పడని ఆవిడకి తెలిసిపోయింది. సంచీ సర్దుకుంటోంది, మధ్యాహ్నం వంటకైనా అందుకుందామని.

సూర్యనారాయణకి మొహం మీద చెంబుడు నీళ్ళు కొట్టినట్టయింది. "పొట్టకూటికేనండి" అన్నాడు. తర్వాత ఇంకాస్త గట్టిగా అన్నాడు. "నాకు వ్యాపారాల్లేవు. ఆ రోజు షాపులో గొప్పకి చెప్పాను. పిలిచిన రోజు పని, లేని రోజు లేదు. డబ్బున్నవాళ్ళ మధ్య డబ్బున్నవాడిలా నిలబడతాను, అంతే నా పని. ఈ బూట్లు కొన్నది కూడా నేను కాదండి. అదిగో, మా ఆవిడ. జూబ్లీ హిల్స్‌లో ఒకళ్ళింట్లో వంట చేస్తుంది. మా ఇల్లు ఆవిడ సంపాదన మీదే నడుస్తోంది."

కౌసల్య సంచీ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

తీర్పు అతని పక్షానే వచ్చింది. వారంటీ గడువు దాటినా, ఆ ధరకి కొన్న బూట్లు జాగ్రత్తగా దాచుకుంటే పొడైపోవడం తయారీ లోపమేనని, వాటి బదులు కొత్త జత ఇవ్వాలని, ఖర్చులూ కట్టాలని చెప్పారు. షోరూము వాళ్ళు ఈసారి మంచి సోలున్న జత ఇచ్చారు. ఒక పేపరు వాళ్ళు జిల్లా పేజీలో చిన్న వార్త కూడా వేశారు, జూనియర్ ఆర్టిస్టు కూలీకి న్యాయం అని. సూర్యనారాయణ కొత్త బూట్లు తొడుక్కుని, పాత సూటు ఇస్త్రీ చేయించుకుని కమలాకర్ దగ్గరికి వెళ్ళాడు.

కమలాకర్ కింద నుంచి పైకి చూశాడు. బూట్ల దగ్గర తలాడించాడు. మొహం దాకా వచ్చేసరికి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "బూట్లు మస్తున్నయన్నా. గానీ ఏం జెప్పాలె, ఆడ నువ్వు జెప్పింది విన్నప్పటి సంది నిన్ను జూస్తే నాకు రిచ్ లెక్క కొడ్తలేవ్. కళ్ళు మూస్కున్నా అదే మాట యాదికొస్తున్నది. మిడిల్ క్లాస్‌లనే ఉండు, రోజూ పనిస్త."

ఇదీ మన వినియోగదారుడి విజయం. చట్టం బూట్లు ఇప్పించింది గానీ, కమలాకర్ కంటిని మార్పించే సెక్షను అందులో లేదు. సూర్యనారాయణ ఇంటికొచ్చాక ఏడుద్దామనుకున్నాడు గానీ, కౌసల్య పనికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటోంది. "పద, నేనూ వస్తాను" అన్నాడు.

ఇన్నేళ్ళలో అతను ఆవిడతో ఆ ఇంటికి వెళ్ళిందే లేదు. తోడు వచ్చినా మెయిన్ రోడ్డు మీదే ఆటో దిగి, ఏదో పనున్నట్టు అటు తిరిగిపోయేవాడు. ఆ రోజు ఇద్దరూ మెయిన్ రోడ్డు దాటి, చెట్ల నీడన ఎత్తు రోడ్డు ఎక్కి, పెద్ద నల్ల గేటు దాకా నడిచారు. సగం దారిలో కౌసల్య మోకాలు పట్టేసి నెమ్మదించింది. అతను ఆవిడ చేతిలో కూరల సంచీ తీసుకుని, తను నాలుగడుగులు ముందు నడిచాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటనర్సయ్య కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచాడు. సూటూ, మిలమిలలాడే బూట్లూ చూసి సెల్యూట్ కొట్టి, పెద్ద గేటు గడియ తీసి బార్లా తోశాడు. "రండి సార్. ఎవరు గావాలె సార్?"

"వంట చేసే కౌసల్య గారి భర్తనండి" అన్నాడు సూర్యనారాయణ. దగ్గలేదు. "ఆవిడ వెనకాల వస్తోంది. కూరలు బరువుగా ఉన్నాయని నేను తెచ్చాను."

వెంకటనర్సయ్య అతని మొహంలోకి చూశాడు. కిందకి వంగి బూట్లకేసి ఇంకోసారి చూశాడు. తర్వాత పెద్ద గేటుని లాగి మూసి, గడియ వేసి, పక్కనున్న చిన్న గేటు తెరిచాడు.

ఆ చిన్న గేటు బాగా పొట్టి. సూర్యనారాయణ కౌసల్య వచ్చేదాకా ఆగి, తల వంచి, ఆవిడ వెనకాలే కూరల సంచీతో లోపలికి వెళ్ళాడు.